ఒకే బొమ్మకు మూడు ధరలు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది. వాళ్ల పక్కింట్లో ఒంటరిగా ఉండే ఒక అమెరికన్ పెద్దావిడకి ఆరేళ్లపాటు ఈవిడే తోడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, మందులు తెచ్చివ్వడం, పండగొస్తే పులిహోర పట్టుకెళ్లడం అన్నీ చేశారు. 2021 క్రిస్మస్‌కి ఆ పెద్దావిడ తన హాల్లో గోడకున్న చిన్న నలుపు తెలుపు బొమ్మని దించి, 'ఇది నీకే' అని ఒక కార్డు మీద రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఈ ఏడాది మొదట్లో ఆవిడ కన్నుమూశారు.

బొమ్మలో న్యూయార్క్ భవనాలు ఒరిగి ఊగుతున్నట్టు ఉంటాయట. కింద పెన్సిల్‌తో జాన్ మారిన్ అని, ఒక అమెరికన్ చిత్రకారుడి పేరుతో, సంతకం ఉంది. గాజు మీంచి కొలిస్తే సుమారు 17.5 × 22.5 సెం.మీ. వచ్చింది. ఫ్రేము వెనక అతికించిన 1994 నాటి కాగితంలో, ఇన్సూరెన్సు నిమిత్తం విలువ 6,500 డాలర్లు అని ఉంది. దగ్గర్లోని పాత సామాన్ల షాపతను చూసి, శనివారం లోపు తెస్తే 600 డాలర్లు చేతిలో పెడతానన్నాడు. వాళ్లాయన ఇంటర్నెట్‌లో వెతికితే మారిన్ బొమ్మ ఒకటి 40,000 డాలర్లకి పెట్టి ఉంది. ఆగస్టులో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి కాబట్టి అమ్మేద్దామని ఆయన, జ్ఞాపకంగా ఉంచుకుందామని ఈవిడ. ఇంతలో పెద్దావిడ మేనల్లుడి నుంచి ఒక మెయిలు వచ్చింది: 'అత్తయ్య హాల్లో ఉండే న్యూయార్క్ బొమ్మ మీ దగ్గరుందా?' మూడు వారాలైనా ఆ మెయిలుకి జవాబు వెళ్లలేదు. 'దీని విలువెంత? అమ్మాలా, ఉంచుకోవాలా, తిరిగిచ్చేయాలా? కాగితం గోధుమరంగు తిరిగింది, ముందు శుభ్రం చేయించాలా?' అని అడుగుతున్నారు.

ముందుగా, శనివారం గడువుని గడిచిపోనివ్వండి. 600కి కొంటానన్న మనిషి వచ్చే నెలైనా కొంటాడు. అలాంటి గడువులు పెట్టేది మీరు ఇంకొకళ్లని అడక్కుండా ఉండటానికే. శుభ్రం కూడా చేయించకండి, ఎందుకో కింద రాస్తాను.

మీ చేతిలో ఉన్న మూడు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు, కానీ ఏదీ మీకు వచ్చే ధర కాదు. 6,500 అనేది ఇన్సూరెన్సు విలువ. బొమ్మ కాలిపోతేనో, పోతేనో అలాంటిదే ఇంకోటి గ్యాలరీలో రిటైల్ ధరకి తెచ్చుకోవడానికి ఎంతవుతుందో అది చెబుతుంది. వేలంలో అమ్మేవాళ్ల చేతికొచ్చేది అందులో మూడోవంతో సగమో ఉండటం మామూలే. పైగా అది ముప్పై ఏళ్ల నాటి కాగితం, ఈ మధ్యలో బజారు మారింది. 600 అనేది మళ్లీ అమ్ముకునేవాడు తన లాభం, తన రిస్కు తీసేసుకున్నాక మిగిలే అంకె. ఇక ఆ 40,000 ఒకరు అడుగుతున్న ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. అది ఏ బొమ్మకి అడుగుతున్నారన్నది ఇంకా ముఖ్యం. మారిన్ అన్న పేరొక్కటే ధరని తేల్చదు. మారిన్ ఏ ప్లేటు (బొమ్మని తొలిచి ముద్రించే రాగి రేకు), ఏ ముద్రణ, ఏ స్థితిలో ఉంది అన్నదే తేలుస్తుంది.

ఆయన గురించి మీకు కావలసినంత చెబుతాను. మారిన్ మీ న్యూజెర్సీ మనిషే. 1870లో రూథర్‌ఫర్డ్‌లో పుట్టి, చాలాకాలం క్లిఫ్‌సైడ్ పార్క్‌లో ఉండి, 1953లో మెయిన్ రాష్ట్రంలో పోయారు. 1905 నుంచి కొన్నేళ్లు యూరప్‌లో ఉండి పారిస్, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్ని చిత్రకారుడు విస్లర్ పద్ధతిలో సుతారంగా ఎచింగులు, అంటే రాగి రేకు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి ముద్రించే బొమ్మలు, వేశారు. తిరిగొచ్చాక, ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అండతో, న్యూయార్క్‌ని పూర్తిగా వేరే కంటితో చూశారు. 1913లో వేసిన బ్రూక్లిన్ బ్రిడ్జి, వూల్‌వర్త్ బిల్డింగ్ ప్లేట్లలో భవనాలు నిటారుగా నిలబడవు. ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతాయి. అమెరికన్ ఆధునిక ముద్రణ కళ ఇక్కడే మలుపు తిరిగిందంటే నేను ఒప్పుకుంటాను. ఆ ఏడాది వేసిన 'వూల్‌వర్త్ బిల్డింగ్, ది డాన్స్' దాదాపు 33 × 27 సెం.మీ. ప్లేటు. ఆయన బతికుండగా తీసిన మంచి ప్రతి దొరికితే పదివేల డాలర్ల మీద ఎంతైనా పలుకుతుంది. అదే చేతి యూరప్ ఎచింగులు చాలావరకు కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల డాలర్ల లోపే పోతాయి. మీవారు చూసిన 40,000 ఆ మొదటి జాతిదై ఉంటుంది. మీ కొలత దానికి సరిపోదు.

మీ కొలత నాకు ఇంకోటి గుర్తు చేస్తోంది. 1924లో 'ది న్యూ రిపబ్లిక్' పత్రిక చందాదారుల కోసం ఆరుగురి ఎచింగులతో ఒక సంపుటి వేసింది. ఎడ్వర్డ్ హాపర్, జాన్ స్లోన్, పెగ్గీ బేకన్, కెన్నెత్ హేస్ మిల్లర్, ఎర్నెస్ట్ హాస్కెల్, వాళ్లతోపాటు మారిన్. చందాదారులకిచ్చేది కాబట్టి వందల ప్రతులు తీశారు. అమెరికన్ ఇళ్ల గోడల మీద కనిపించే న్యూయార్క్ మారిన్‌లలో ఆ సంపుటివి ఎక్కువ, వాటి ప్లేటు కొలత మీరు రాసినదానికి దగ్గరగా ఉంటుంది. అదే అయితే నకిలీ కాదు, అసలైన ఎచింగే. కానీ స్టీగ్లిట్జ్ హయాంలో తీసిన కొద్దిపాటి ప్రతులతో దీన్ని పోల్చకూడదు. వేలం ధర కింది వేలల్లో ఉంటుందని అనుకోండి. ఇది నా ఊహ మాత్రమే, తేల్చాల్సింది ఫ్రేము విప్పాకే.

ఫ్రేము మీరే విప్పొచ్చు, తొందర లేకుండా. శుభ్రమైన దుప్పటి మీద గాజు కిందికి వచ్చేలా బోర్లించండి. వెనక గోధుమరంగు కాగితాన్ని అంచుల వెంబడి కోయండి. దాని మీదున్న 1994 కాగితాన్ని, ఫ్రేము షాపు లేబులుంటే దాన్ని చింపకుండా ముక్కగా తీసి ఒక కవర్లో పెట్టుకోండి. చిన్న మేకుల్ని పటకారుతో లాగి, వెనక అట్ట తీసి, బొమ్మనీ దాని చుట్టూ ఉన్న కిటికీ అట్టనీ కలిపి పైకెత్తండి. కాగితం ఎక్కడైనా గాజుకి అంటుకుని ఉంటే అక్కడే ఆపేయండి, లాగకండి. అట్టకి టేపుతో అంటించి ఉంటే ఆ టేపు పీకకండి. సగం బొమ్మలు దెబ్బతినేది ఈ టేపు దగ్గరే.

ఇప్పుడు సెల్‌ఫోన్ టార్చిని కాగితం పక్కన నేలబారుగా పట్టుకుని చూడండి. సిరా పట్టించిన రాగి రేకు మీద తడి కాగితం వేసి యంత్రంలో నొక్కితే, రేకు అంచుల దగ్గర కాగితం దిగిపోయి దీర్ఘచతురస్రంగా ఒక గుంట గీత పడుతుంది. అదే ప్లేటు గుర్తు. తర్వాత పదింతలు చూపించే భూతద్దంతో ఒక నల్లటి గీతని చూడండి. ఎచింగులో సిరా గీత కాగితం మీద సన్నగా ఉబ్బి ఉంటుంది, కొసలు మొద్దుగా ఉంటాయి, ఎందుకంటే గీతని తొలిచింది యాసిడ్. అలా కాకుండా పేపర్లో ఫోటోలా వరసగా చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ నకలు, అక్కడితో కథ ఆగిపోతుంది. ప్లేటు గుర్తొక్కటే చూసి మోసపోకండి. నకళ్లకి కూడా ఉత్త రేకుతో నొక్కి గుంట తెప్పించినవి ఉన్నాయి. గుంటా, ఉబ్బెత్తు గీతా రెండూ కలిసి ఉండాలి.

కొలత మళ్లీ తీయండి. ఈసారి ప్లేటు గుర్తు నుంచి ప్లేటు గుర్తుకి, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, మిల్లీమీటర్లలో. కాగితం మొత్తం కొలత విడిగా రాసుకోండి. ప్లేటు గుర్తు చుట్టూ మార్జిను నాలుగు వైపులా ఉందో, ఎవరైనా ఫ్రేము కోసం కత్తిరించేశారో చూడండి, దీని మీదే ధర వందల డాలర్లు అటూ ఇటూ అవుతుంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే 'వాన్ గెల్డర్ జోనెన్' లాంటి కాగితం కంపెనీ పేరు నీటిగుర్తుగా కనిపించొచ్చు. కనిపిస్తే ఫోటో తీయండి. సంతకం రెండు రకాలు. ప్లేటులోనే గీసినది ప్రతి ప్రతిలోనూ ఉంటుంది. మార్జినులో పెన్సిల్‌తో చేసినది ఆ ప్రతిని ఆయన చేత్తో పట్టుకున్నారని చెబుతుంది. టార్చి పక్కనుంచి పడితే గ్రాఫైటు మెరుస్తుంది, ముద్ర సిరా మెరవదు. వెనకవైపు పెన్సిల్ అంకెలు, ముద్రలు, ఏ చిన్న గుర్తున్నా చెరపకుండా ఫోటో తీసుకోండి.

ఈ కొలతలతో కార్ల్ జిగ్రోసర్ పుస్తకం దగ్గరికి వెళ్లండి. మారిన్ ఎచింగులన్నిటికీ ఆయన వేసిన పట్టీని 1969లో ఫిలడెల్ఫియా మ్యూజియం ప్రచురించింది. ప్రతి ప్లేటుకీ ఒక నంబరు, దాని కొలత, ఏయే దశల్లో మారింది, ఎవరు ప్రచురించారు, అన్నీ అందులో ఉంటాయి. వేలం వాళ్లంతా మాట్లాడే భాష ఆ నంబరే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ముద్రణల విభాగంలో ముందుగా అడిగితే ఇలాంటి పుస్తకాలు చూపిస్తారు. మీకు దగ్గర్లో న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల జిమ్మెర్లీ మ్యూజియం ఉంది, అమెరికన్ ముద్రణలు అక్కడ బాగా ఉన్నాయి. మ్యూజియం వాళ్లు ధర చెప్పరు, చెప్పకూడదన్నది వాళ్ల నియమం. కానీ అదే చేతి అసలు ఎచింగు ఒకటి చూసొస్తే మీ కళ్లకి అలవాటవుతుంది.

శుభ్రం సంగతికొస్తాను. కాగితం గోధుమరంగు తిరగడానికి కారణం రెండుంటాయి. చవక అట్టలోని ఆమ్లం కిటికీ అట్ట అంచు వెంబడి ఒక గీతలా కాలుస్తుంది. ఎండ కిటికీ అట్ట లోపల కనిపించే భాగమంతా మాడుస్తుంది. బేస్‌మెంటు తేమకైతే చిన్న చిన్న తుప్పు రంగు మచ్చలు పడతాయి. ఫ్రేము షాపువాళ్లలో కొందరు బ్లీచింగు నీళ్లలో ముంచి తెల్లగా తెచ్చి ఇస్తారు. కాగితం చచ్చిపోయినట్టు తేలిగ్గా, పీలగా అయిపోతుంది, పెన్సిల్ సంతకం వెలిసిపోవచ్చు. కొనేవాళ్లు దాన్ని వెంటనే పట్టేస్తారు. నిజమైన పేపర్ కన్జర్వేటర్ (పాత కాగితాల్ని బాగుచేసే నిపుణుడు) దగ్గర పని బాగుంటుంది, కాకపోతే ఖర్చు కొన్ని వందల డాలర్లు. రెండు వేల డాలర్ల బొమ్మకి అది గిట్టుబాటు కాదు. ఎచింగులు కొనేవాళ్లు మురికిగా ఉన్నా ఎవరూ చెయ్యి పెట్టనిదాన్నే ఇష్టపడతారు. కాబట్టి ఉన్నదున్నట్టు ఉంచండి. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, పడకగది బీరువాలో బల్లపరుపుగా ఉంచితే చాలు.

ధర వెతకడం ఇలా. స్వాన్, క్రిస్టీస్, సోథెబీస్, బోనమ్స్ వేలం సంస్థల పాత ఫలితాలు వాళ్ల సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. అదే జిగ్రోసర్ నంబరు, అదే ముద్రణ, సంతకం ఉన్నదీ లేనిదీ వేరుగా, గత ఐదారేళ్లవి ఏరుకోండి. చాలామంది ఇక్కడో పొరపాటు చేస్తారు: వాళ్లు చూపించే ధరలో కొన్నవాళ్లు వేలం సంస్థకి అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది. ఒక లెక్క చూడండి. 2,500 అని ఉంటే, ప్రీమియం 25 శాతమైతే సుత్తి పడిన ధర, అంటే వేలంలో పాట ఆగిన ధర, 2,000. అందులో మీరు సంస్థకి కట్టే కమీషన్ 15 శాతం, అంటే 300. ఇన్సూరెన్సు ఒకటిన్నర శాతం, 30. ఫోటోకి 50 అనుకుందాం. మీ చేతికి 1,620. సంస్థని బట్టి ఈ శాతాలు మారతాయి, బేరమాడొచ్చు కూడా. ఫోటో ఖర్చు, అమ్ముడుపోకపోతే కట్టాల్సిన రుసుము ఎత్తేయమని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఈ లెక్కన చూసినా షాపతని 600కి రెండున్నర రెట్ల పైనే.

ఇక దారులు. పెద్ద సంస్థలకి ఇంత చిన్న ధర బొమ్మ మీద ఆసక్తి ఉండకపోవచ్చు. తీసుకున్నా ఆన్‌లైన్ వేలంలో ఒక మూల పెడతారు. న్యూయార్క్‌లో స్వాన్ వాళ్లు అమెరికన్ ముద్రణలకి ప్రత్యేకంగా వేలాలు పెడతారు, ఆ బొమ్మని చూడగానే గుర్తుపట్టే కొనుగోలుదార్లు అక్కడికొస్తారు. మీ రాష్ట్రంలోనే లాంబర్ట్‌విల్‌లో రాగో అనే వేలం సంస్థ ఉంది, మీరే తీసుకెళ్లి చూపించగలిగే దూరం. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఫోటోలు పంపండి: కాగితం మొత్తం, వెనక, సంతకం, నీటిగుర్తు, మచ్చలు దగ్గరగా, కొలతలు. అంచనా చెప్పినందుకు డబ్బులడగరు. అంచనా ఎక్కువ చెప్పిన చోటికే పరిగెత్తకండి. అంచనా తక్కువగా ఉంటేనే బిడ్డర్లు చెయ్యెత్తుతారు. ఎక్కువ పెట్టి, రిజర్వు ధర (ఇంతకి తక్కువైతే అమ్మనని మీరు పెట్టుకున్నది) అందుకోక వెనక్కొస్తే ఆ బొమ్మ మీద 'అమ్ముడుపోలేదు' అన్న మచ్చ కొన్నేళ్లు ఇంటర్నెట్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో దారి, అంతర్జాతీయ ముద్రణల వ్యాపారుల సంఘం ఐఎఫ్‌పీడీఏలో ఉన్న డీలరు. సొంతంగా కొంటే డబ్బు త్వరగా వస్తుంది, వేలం కంటే కాస్త తక్కువ. కమీషన్ మీద అమ్మిపెడితే ఎక్కువ రావచ్చు, కానీ ఏడాదైనా పట్టొచ్చు.

ఆగస్టు ఫీజు మాట చెప్పాలి. ముద్రణల వేలాలు ఎక్కువగా వసంతంలో, శరత్తులో జరుగుతాయి. రెండు మూడు నెలల ముందే బొమ్మ వాళ్ల దగ్గరుండాలి, అమ్ముడయ్యాక ఇంకో నెలకి చెక్కు వస్తుంది. కాబట్టి ఈ డబ్బు ఆగస్టుకి అందుతుందనుకుని లెక్కలు వేసుకోవద్దని మీవారికి చెప్పండి. పదహారు వందలు ఏ కాలేజీ ఫీజులోనూ పెద్ద వంతు కాదు. మీ ఇంట్లో గొడవ 40,000 గురించి మొదలైంది. అసలు అంకె తెలిస్తే సగం దానంతటదే చల్లబడుతుందని నా నమ్మకం.

ఇవన్నీ చేసేముందు మేనల్లుడికి జవాబివ్వండి. ఈ వారమే. ఇవ్వాలనే ఉద్దేశం, చేతికి అందించడం, మీరు పుచ్చుకోవడం, ఈ మూడూ ఉంటే అమెరికా చట్టం దాన్ని బహుమానంగానే చూస్తుంది. మీ దగ్గర ఆవిడ దస్తూరీలో కార్డుంది. బొమ్మ ఆవిడ బతికుండగానే మీ ఇంటికొచ్చింది. కార్డుని రెండు వైపులా ఫోటో తీసి, అసలుని భద్రం చేయండి. ఇప్పుడు మీకు మూడు మార్గాలున్నాయి. ఏమీ చెప్పకుండా అమ్మేస్తే, వేలం సంస్థ ముందు 'ఇది నా సొంతం' అని రాసి సంతకం పెట్టాల్సి ఉంటుంది. కేటలాగులో బొమ్మ చూసి మేనల్లుడు ఒక లాయరు ఉత్తరం పంపితే ఆ బొమ్మ వేలం ఆగిపోతుంది, అమ్ముడై ఉంటే డబ్బు పట్టి ఉంచుతారు. మౌనం మిమ్మల్ని దొంగలా చూపిస్తుంది, మీరు కాకపోయినా. రెండోది, కార్డు ఫోటో జతచేసి నిజం చెప్పడం. ఆయనే వీలునామా నిర్వాహకుడైతే 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక్క లైను రాసిమ్మని అడగొచ్చు. ఆ లైనుంటే ఏ వేలం సంస్థా మిమ్మల్ని ఇంకేమీ అడగదు. ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు లాయరుని కలవండి, మీ పక్షం బలంగానే ఉంది. మూడోది తిరిగిచ్చేయడం. అది మీ మనసు చెబితే చేయండి. మీ తప్పేదో ఉన్నట్టు భయపడి మాత్రం చేయకండి.

అమ్మితే పన్ను సంగతి: బతికుండగా ఇచ్చిన బహుమానానికి ఇచ్చినవాళ్ల కొనుగోలు ధరే పన్ను లెక్కలో మీ కొనుగోలు ధర అవుతుంది. వాళ్లు దాన్ని ఎప్పుడో కొద్ది డాలర్లకి తీసుకుని ఉంటే వచ్చినది దాదాపు అంతా లాభమే. కళాఖండాలకి దీర్ఘకాల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. మీ పన్ను లెక్కలు చూసే సీపీఏకి కార్డు తేదీ చెప్పండి.

ఉంచుకునేటట్టయితే, రాతపూర్వక మదింపు ఇప్పుడే అక్కర్లేదు. వేలం వాళ్ల అంచనా మెయిలు చాలు. ఒక వంద, నూటయాభై డాలర్లు పెట్టి ఆమ్లం లేని అట్ట, అతినీల కిరణాల్ని ఆపే గాజు వేయించి, ఎండ పడని గోడకి తగిలించండి. ఎప్పుడైనా మదింపు కావాలంటే, బొమ్మ విలువలో శాతం అడిగేవాళ్ల దగ్గరికీ, మదింపు చేసి తనే కొంటాననేవాళ్ల దగ్గరికీ వెళ్లకండి.

మేనల్లుడికి రాసే మెయిల్లో ఇంకో మాట చేర్చండి. ఇది నిజంగా 1924 సంపుటిలోదైతే, మిగతా ఐదూ ఆ ఇంట్లో ఏ అట్టపెట్టెలోనో, పుస్తకాల అర వెనకో ఉండొచ్చు. అందులో హాపర్ వేసిన 'నైట్ షాడోస్' ఉంటుంది: రాత్రి వీధి మూల, పై అంతస్తు నుంచి చూస్తున్నట్టు, ఒంటరిగా నడిచే మనిషి, అడ్డంగా దీపస్తంభం నీడ. మీ మారిన్ కంటే ఎన్నో రెట్లు పలికే బొమ్మ అది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకి పాత కాగితాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. చెత్తబండి రాకముందే వెతకమని చెప్పండి.